చదవడానికి వీలుగా బిగించిన ఫిల్టరు

ఆ రోజు ప్లాను చాలా చిన్నది. తొమ్మిదింటికి బోర్డును బండి ఎక్కించాలి, తొమ్మిదిన్నరకు కూతురి క్లినిక్‌కు చేరాలి, పదిన్నరలోగా గోడకు బిగించాలి, పదకొండింటికి క్లినిక్ తెరుచుకోవాలి. పెయింటరు ఈ నాలుగు ముక్కలనూ ముందురోజే ఒక అట్టముక్క మీద ఎర్రరంగుతో రాసి, కింద రెండు గీతలు గీసి, వంటగది తలుపుకు తగిలించాడు. అక్షరాలు చూడముచ్చటగా వచ్చాయి. ఆ ప్లానులో అనుకున్నట్టు కుదిరింది అవే.

ముప్పై అయిదేళ్లుగా ఆ వీధుల్లో దుకాణాలకు పేర్లు రాసింది ఆయనే. ఆయన అక్షరం ఎంత అందంగా ఉంటుందో, అది చేతికి రావడం అంత ఆలస్యం. రంగు ఆరలేదనేవాడు, గీత కుదరలేదనేవాడు, మళ్లీ తుడిచి మళ్లీ రాసేవాడు. దుకాణదారులు సర్దుకుపోయారు. కూతురు కూడా సర్దుకుపోయింది, ఆయనను పీకుతున్నది అదే. బడిలో ఆమె బహుమతి అందుకున్న రోజు ఆయన వెళ్లేసరికి కుర్చీలు మడుస్తున్నారు. డాక్టరు పట్టా పుచ్చుకున్న రోజు ఆమె గేటు దాటి బయటికొస్తుంటే ఆయన లోపలికి వెళ్తూ ఎదురయ్యాడు. ఆమె ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. గట్టిగా నాలుగు దులిపినా బాగుండేదని ఆయనకు అనిపించేది.

క్లినిక్ పెడుతున్నానని చెప్పినప్పుడు, తోటివాళ్లు మెరిసే ప్రింటు బోర్డు పెట్టించుకోమన్నా ఆమె వినలేదు. "మా నాన్న రాస్తారు" అంది. తర్వాత ఆయనకు ఫోను చేసి, "నాన్నా, బోర్డు కాస్త అటూ ఇటూ అయినా పర్లేదు. పదకొండింటికి నువ్వు మాత్రం ఉండు" అంది. ఆయన ఉంటానని మాటిచ్చాడు. ఈసారి తప్పితే మళ్లీ మాటివ్వడానికి ముఖం చెల్లదని ఆయనకు తెలుసు.

పొద్దున ఆరింటికి భార్య టీ గ్లాసు చేతికిస్తూ అడిగింది.

"ఏమండీ, బండికి ఫిల్టరు మార్పించారా?"

ఆయన టీ ఊదుకున్నాడు. ఆ పాత పికప్ వారం రోజులుగా ఎత్తు ఎక్కేటప్పుడు దగ్గుతోంది. మెకానిక్ చెవిపెట్టి విని, పెట్రోలు ఫిల్టరు మూసుకుపోయిందనీ, కొత్తది కొనుక్కొస్తే వేస్తాననీ చెప్పాడు. కొత్తది తెచ్చి నాలుగు రోజులైంది. అది బ్రష్షుల పెట్టెలో ఉంది.

"మెకానిక్ పదింటికి గాని షెడ్డు తియ్యడు" అన్నాడు చివరికి.

"మరి క్లినిక్ ఉన్నది ఎత్తు మీద కదా? మధ్యలో ఆగిపోతే?"

"ఎందుకాగుతుందక్కా? నేనూ బావా కలిసి మార్చేస్తాం. ఎంత, అరగంట పని" అన్నాడు ఆవిడ తమ్ముడు, పక్కగదిలోంచి వస్తూ.

ఇతన్ని అందరూ అరగంట అనే పిలుస్తారు. ఏ పని చెప్పినా అరగంటలో అయిపోతుందంటాడు. కిందటేడు వాళ్లింట్లో గోడకు ఒక అల్మారా బిగించడం మొదలుపెట్టాడు. అది ఇంకా నేల మీదే ఉంది. అయినా అతని గొంతులో ఉండే ధీమా అలాంటిది, విన్నవాళ్లకు పని సగం అయిపోయినట్టే ఉంటుంది.

ఫిల్టరంటే గుప్పెట్లో పట్టే చిన్న డబ్బా. బండి కింద, ట్యాంకు నుంచి ఇంజనుకు వెళ్లే గొట్టం మధ్యలో ఉంటుంది. రెండు చివరలా రెండు క్లిప్పులు. అవి తుప్పుపట్టి గొట్టంలో కలిసిపోయాయి. ఒకటి ఊడటానికి ముప్పావు గంట పట్టింది. అది ఊడగానే ట్యాంకులో పెట్రోలు గొట్టంలోంచి కారి, అరగంట చొక్కా చేతిలో దూరి, చంక దాకా వెళ్లింది. పెయింటరు చేతికందిన ఆరో నంబరు బ్రష్షును తీసి, దాని పిడిని గొట్టం మూతికి బిరడాలా కొట్టాడు. పాత ఫిల్టర్లో ఉన్న నల్లటి మడ్డినీ, అప్పటికే కారిన పెట్రోలునూ ఒక ఎనామిల్ మగ్గులో పట్టి పక్కన పెట్టారు.

కొత్త ఫిల్టరును పెయింటరు చాలాసేపు పరిశీలించాడు. తెల్లటి డబ్బా మీద నీలంరంగులో కంపెనీ పేరు, దాని పక్కన ఒక బాణం. గొట్టాల మధ్య పెట్టి చూస్తే పేరు తలకిందులుగా కనిపించింది. ఆయన దాన్ని తీసి అటు చివర ఇటు తిప్పి పెట్టాడు. ఇప్పుడు పేరు నిటారుగా, హాయిగా చదువుకునేలా నిలబడింది. తలకిందులైన అక్షరాన్ని ఆయన ఏ గోడ మీదా వదిలిపెట్టిన మనిషి కాదు. బండి కింద మాత్రం ఎలా వదులుతాడు?

"బావా, ఆ బాణం చూశావా?" అన్నాడు అరగంట.

"చూశాన్రా. గీసినవాడికి చెయ్యి తిరగలేదు."

అరగంట కూడా తలొంచి చూసి, నిజమేనన్నాడు. ఆ బాణం అందం కోసం కాదనీ, పెట్రోలు ఎటు పారాలో చెబుతోందనీ, ఇంజను వైపు చూడాల్సింది ఇప్పుడు ట్యాంకు వైపు చూస్తోందనీ ఇద్దరికీ తట్టలేదు. క్లిప్పులు బిగించి తాళం తిప్పితే, నాలుగో ప్రయత్నానికి ఇంజను అందుకుంది. నిలబడ్డ బండిలో అది ఎంత సాఫీగా ఆడిందంటే, అరగంట కాసేపు కళ్లు మూసుకుని విన్నాడు.

అప్పటికి ఎనిమిదింబావు. బోర్డుకు ఆఖరి వార్నిష్ పూత ఇంకా వేయాలి. తెల్లవారుజామున గాలిలో దుమ్ము ఉండదని పొద్దుటికి అట్టేపెట్టిన పని అది. పలుచగా వేస్తే ఇరవై నిమిషాల్లో ఆరిపోతుంది. వార్నిష్ పలుచన చేయడానికి ఆయన ఎప్పటిలాగే ఎనామిల్ మగ్గు అందుకున్నాడు. ముప్పై అయిదేళ్లుగా ఆ మగ్గులో టర్పెంటైనే ఉంటుంది. ఆ పూట అందులో ఉన్నదేమిటో వాసన పట్టి ఉంటే తెలిసేదే. కానీ రెండు గంటలుగా బండి కింద పడుకున్న ముక్కుకు లోకమంతా పెట్రోలు వాసనే.

తొమ్మిదయింది, వార్నిష్ ఆరలేదు. తొమ్మిదింబావుకు వేలితో తాకితే జిగురులా సాగింది.

"ఇలా తీసుకెళ్తే వీధిలో దుమ్మంతా అక్షరాల మీదే" అంది భార్య.

"దుప్పటి కప్పుదాం."

"అంటుకుపోదూ?"

"అంటుకోకుండా నేను పట్టుకుంటా."

పెయింటరు చెప్పులు విప్పి బండి వెనక ఎక్కాడు. బోర్డు పక్కన వెల్లకిలా పడుకుని, రెండు చేతుల్లో రెండు కర్రలు పట్టుకుని, దుప్పటిని లోపలి నుంచి ఎత్తిపట్టాడు. ఇంట్లో ఉతికి ఉన్నది తెల్లదుప్పటి ఒక్కటే. అది తల దాకా కప్పితే కాళ్లకు చాలలేదు. నీలం, పసుపు మరకలున్న రెండు పాదాలు వెనక నుంచి బయటికొచ్చాయి. "నన్ను పలకరించకు. నోరు తెరిస్తే వార్నిష్ ఘాటు గొంతులోకి పోతోంది" అన్నాడు దుప్పటి కింద నుంచి. భార్య పక్కన కూర్చుంది. దుప్పటి అంచు గాలికి లేవకుండా, క్లినిక్ కోసం తెచ్చిన పూలగుచ్ఛాన్ని ఆయన కాళ్ల దగ్గర బరువుగా పెట్టింది. ఆ ఘాటుకు ఆవిడ కళ్లవెంట ధారగా నీళ్లు కారుతున్నాయి.

వీధి మలుపు తిరిగి అరగంట కాస్త వేగం పెంచబోయాడు. ఇంజను రెండు ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయింది. మళ్లీ తీశాడు, మళ్లీ పెంచాడు, మళ్లీ ఆగింది. నాలుగుసార్లు అయ్యాక అతనికి ఒక కిటుకు దొరికింది. మొదటి గేరులో, పాదం ఆనీ ఆననట్టు పెడితే బండి మారాం చేయకుండా నడుస్తోంది. ఆ వేగం సరిగ్గా మనిషి నడక వేగం. వెనకొచ్చే వాళ్లకు ఇబ్బంది లేకుండా నాలుగు మూలల లైట్లూ మిణుకుమిణుకుమనేలా వేసి, స్టీరింగు గట్టిగా పట్టుకుని, ఎటూ చూడకుండా పోనిచ్చాడు.

మొదట చూసింది బేకరీ ఆయన. బండి తెలిసినదే, దుప్పటి కింది పాదాలూ తెలిసినవే. పదేళ్ల కిందట తన బోర్డు రాస్తున్నప్పుడు నిచ్చెన మీద మూడు వారాలపాటు చూసిన పాదాలవి. తల మీది టోపీ తీసి, చేతులు తుడుచుకుని, బండి పక్కన నడక మొదలుపెట్టాడు.

"ఎలా జరిగిందమ్మా?" అన్నాడు గొంతు తగ్గించి.

కిందటి వారం ఆవిడ దుకాణం దుకాణానికీ తిరిగి క్లినిక్ ప్రారంభానికి రమ్మని పిలిచింది. అందరూ వీలైతే వస్తామన్నారు. ఆ మాటకు అర్థం ఆవిడకు తెలుసు, రాత్రంతా ఖాళీ కుర్చీలే కళ్లముందు మెదిలాయి. ఇప్పుడు ఈయన పని మానుకుని మరీ వస్తుంటే మనసు నిండిపోయింది.

"ఏం చెప్పమంటారు? పొద్దున్నే ఆరింటికి బండి కింద దూరారు. వద్దంటే విన్నారా? ఫిల్టరు మారుస్తానన్నారు. అక్కణ్ణుంచే మొదలైంది ఇదంతా" అంది కళ్లు తుడుచుకుంటూ.

బేకరీ ఆయనకు ఇక అడగాల్సింది ఏమీ కనిపించలేదు. వెనక్కి తిరిగి షట్టరు దించమని సైగ చేశాడు. ఆ తర్వాత కబురు బండికన్నా ముందు వెళ్లింది. ఆ రోజు బండికన్నా ముందు వెళ్లడం పెద్ద విశేషమేమీ కాదు. ఆ కబురులో, మందుల షాపు దగ్గర పెయింటరు మీద జాకీ జారింది. చెప్పుల కొట్టు దగ్గరికొచ్చేసరికి బండే పడింది. టైలరు దగ్గర, పడిన బండి కిందే ఆయన ఆఖరిసారిగా బోర్డు సంగతి అడిగాడు. షట్టర్లు ఒక్కొక్కటే దిగాయి. ఒకరి వెనక ఒకరు వచ్చి కలుస్తున్నారు, ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు.

"చేతులు లాగుతున్నాయా?" అని ఆవిడ దుప్పటి వైపు వంగి అడిగింది. జవాబు రాదని తెలిసీ ఉండబట్టలేక, "ఇంకెంత, వచ్చేశాం" అంది. వెనక నడుస్తున్న వాళ్లలో ఇద్దరు తలలు పక్కకు తిప్పుకున్నారు.

"పాపం, ఇంకా మాట్లాడుతూనే ఉంది" అన్నాడు టైలరు.

క్లినిక్ ఉన్న వీధి మొదట్లో ఎత్తు వచ్చింది. బండి పది అడుగులు ఎక్కి, పూర్తిగా ఆగిపోయింది. ఈసారి ఎంత తిప్పినా అందుకోలేదు. అరగంట కిందికి దిగి వెనక్కి చూసి, డెబ్బై మంది ఉన్నారని గ్రహించి, తన డ్రైవింగు మీద ఇంత నమ్మకం లేదేమిటని చిన్నబుచ్చుకున్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు. ఒక్కొక్కరే వచ్చి బండికి భుజం ఆనించారు. బరువు తగ్గుతుందని భార్య కూడా దిగి, తమ్ముడి కిటికీ పక్కన నడిచింది.

ఇంజను మోత ఆగిపోవడంతో దుప్పటి కిందికి మాటలు స్పష్టంగా వినిపించడం మొదలైంది.

"మంచి మనిషి" అంటున్నారెవరో. "మా కొట్టుకు పేరు రాయడానికి నెలన్నర తిప్పాడు. ఆ నెలన్నరా రోజూ తిట్టుకున్నా. ఇప్పటికీ కొత్తగా వచ్చినవాళ్లు కొట్టు కన్నా ముందు బోర్డు చూస్తారు."

"ఎక్కడికీ వేళకు రాలేదు. దీనికి మాత్రం తొందరపడ్డాడు."

పెయింటరుకు అర్థం కావడానికి కొంత దూరం పట్టింది. లేచి కూర్చుందామంటే కర్రలు వదలాలి. వదిలితే దుప్పటి అక్షరాల మీద పడుతుంది, నెల రోజుల పని, అమ్మాయి పేరు, అన్నీ పోతాయి. ఇంకెంత, ఎత్తు ఎక్కితే క్లినిక్కే. అక్కడ దించాక నిదానంగా చెప్పుకోవచ్చు. పైగా, నిజం చెప్పాలంటే, ఇంకాస్త వినాలనిపించింది. ఊళ్లో వాళ్లందరి పేర్లూ ఇన్నేళ్లుగా గోడల మీద రాసిన మనిషి, తన గురించి వాళ్లు ఏమనుకుంటారో ఒక్కసారీ విని ఎరగడు.

తల పక్కన, బండి అంచుకు భుజం ఆనించి తోస్తున్న మనిషి ఇంతసేపూ మాట్లాడలేదు. ఇప్పుడు చాలా మెల్లగా, దుప్పటికి మాత్రమే వినపడేలా అన్నాడు.

"మాస్టారూ."

ఆ గొంతు పెయింటరుకు తెలుసు. తన దగ్గర ఆరేళ్లు పనిచేసి, ఎనిమిదేళ్ల కిందట కంప్యూటరు కొనుక్కుని, ఎదురువీధిలో ప్రింటు బోర్డుల షాపు పెట్టుకున్న శిష్యుడిది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"నా మెషిన్లో నాలుగు వందల రకాల అక్షరాలున్నాయి మాస్టారూ. అన్నీ వెతికా. మీరు రాసే 'మ' లాంటిది ఒక్కటీ లేదు. వచ్చి చెబుదామనుకున్నా. రేపు రేపు అనుకుంటూనే ఎనిమిదేళ్లు చేశా. మీ దగ్గర నేర్చుకున్నది సరిగ్గా అదే, ఆలస్యం చెయ్యడం."

పెయింటరు కళ్లలోంచి నీళ్లు జారి రెండు చెవుల్లోకీ దిగాయి. తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. తాను కూడా ఎనిమిదేళ్లలో ఆ షాపు ముందు నుంచి వెళ్తూ ఎన్నిసార్లు లోపలికెళ్లబోయి కాళ్లు ఆపుకున్నాడో గుర్తొచ్చింది. మనుషులు బతికుండగా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి ఏమడ్డమొస్తుందో ఆయనకు ఆ దుప్పటి కింద అస్సలు అర్థం కాలేదు.

బండి పైకి చేరి ఆగింది. క్లినిక్ మెట్ల మీద కుర్చీలు సర్దుతున్న కూతురు చప్పుడు విని తలెత్తింది. ఆమెకు ముందు కనిపించింది వీధి నిండా జనం. తర్వాత, కళ్లు తుడుచుకుంటున్న తల్లి. తర్వాత, పూలు. ఆ పూల పక్కన రెండు పాదాలు. ఆమె డాక్టరు, ఇలాంటివి ఎన్నో చూసింది. ఎవరినీ ఏమీ అడగలేదు. చేతిలో కుర్చీ వదిలేసి పరుగెత్తుకొచ్చి, ఆ పాదాలను రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"నాన్నా, పదకొండింటికి వస్తానన్నావు కదా" అంది. చిన్నప్పుడు ఒక్కసారీ అనని గొంతుతో అంది.

పెయింటరు బోర్డు గురించి ఆలోచించలేదు. కర్రలు రెండూ వదిలేసి లేచి కూర్చున్నాడు.

దుప్పటి వెళ్లి అక్షరాల మీద పడింది. టైలరు రోడ్డు మీదే చతికిలబడ్డాడు. బేకరీ ఆయన టోపీ పెట్టుకోబోయి జారవిడిచాడు. అందరికన్నా దగ్గరగా ఉన్న ప్రింటు షాపు శిష్యుడు, మాస్టారి ముఖం తన ముఖానికి జానెడు దూరంలో చూసి, కట్టె విరిగినట్టు వెనక్కి పడిపోయాడు.

"వచ్చానమ్మా" అన్నాడు పెయింటరు. "టైమెంతయింది?"

కూతురు ఆయన నాడి పట్టుకుని చూసింది. అవసరం లేకపోయినా రెండోసారి చూసింది. తర్వాత ఆయన భుజం మీద ఒక్కటిచ్చి, అదే భుజం మీద తల ఆనించి, ఏడుస్తూ నవ్వుతూ తన గడియారం చూపించింది. పదింబావు. ముప్పావు గంట ముందొచ్చాడు. ఆయన జీవితంలో అలాంటిది అదే మొదలు.

దుప్పటిని ఊడదీస్తే సగం వార్నిష్ దాంతో వచ్చింది. తళతళలాడాల్సిన అక్షరాల మీద నేత గుర్తులు పడ్డాయి. కళ్లు తెరిచిన శిష్యుడు దాన్ని చూసి, "అరగంటలో ప్రింటు..." అని మొదలుపెట్టి నాలుక కరుచుకున్నాడు. పెయింటరు పెట్టెలోంచి రెండు బ్రష్షులు తీసి ఒకటి అతని చేతిలో పెట్టాడు.

"ఆ చివర నుంచి నువ్వు రా. 'మ' నాకొదిలెయ్."

ఇద్దరూ మెట్ల మీద కూర్చుని, ఎనిమిదేళ్ల కబుర్లలో ఒక్కటీ చెప్పుకోకుండా, పక్కపక్కనే దిద్దుకుంటూ వచ్చారు. ఈలోగా ఎత్తు ఎక్కొచ్చిన మెకానిక్ బండి కిందికి తొంగిచూసి, ఫిల్టరు తిరగేసి బిగించిన మహానుభావుడెవరని అడిగాడు. అరగంట తన పేరు బయటికి రాకుండా అటువైపు వెళ్లి కుర్చీలు సర్దాడు. బోర్డు గోడకెక్కేసరికి పదకొండూ ఇరవై అయింది. కూతురు అప్పటిదాకా తలుపు తెరవలేదు. చావుకని వచ్చిన జనమంతా, షట్టర్లు ఎలాగూ దించేశాం కదా అని, ఆగి క్లినిక్ ప్రారంభం చూసి వెళ్లారు. కుర్చీలు చాలలేదు.

ఆ సాయంత్రం డాక్టరమ్మ తల్లి సరదాగా క్లినిక్ రిజిస్టరు తిరగేసింది. మొదటి పేజీలో ఐదుగురు రోగులున్నారు, అందరికీ కళ్లు తిరగడం, గుండెదడ. చివరి గడిలో, జబ్బుకు కారణం అన్నచోట, ఐదుగురికీ కలిపి డాక్టరు ఒకటే మాట రాసి సంతకం చేసింది: "మా నాన్న."